పాదరసము – ప్రయోజనములు, ప్రమాదములు

మూలకములలో పాదరసమునకు విశిష్ట స్థానము కలదు. ఉర్దూ భాషలో దీనిని పారా అనియు, సీమాబ్ అనియు వ్యవహరింతురు. సీమాబ్ అను పారసీక పదమునకు ‘వెండి నీరు’ అని అర్థము. దీని రసాయన సంకేతమునకు మూలమైన గ్రీకు పదమునకును అర్థమదియే. పాదరసము యొక్క పరమాణు సంఖ్య 80. పరమాణు భారము 200.59.

లక్షణములు

25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ద్రవరూపమున నుండు లోహము ఇదియొక్కటే. మన వేసవి వేడిమికి సీసియము, గాలియము కూడ కరుగును గాని, పాదరసము మైనస్ 38.8 డిగ్రీల వరకు గడ్డకట్టదు. 357 డిగ్రీల వద్ద మరుగును. నీటికంటె 13.6 రెట్లు సాంద్రమగుటచే ఇనుపగుండు దీనిపై తేలును. బంగారము, వెండి, తగరము మున్నగు లోహములు దీనితో కలిసి అమాల్గములగును. ఇనుము అట్లు కలియదు. కావుననే పాదరసమును ఇనుప పాత్రలలో నింపి రవాణా చేయుదురు. దీని ముఖ్య ఖనిజము ఇంగిలీకము, అనగా మెర్క్యురిక్ సల్ఫైడు. దానిని గాలిలో కాల్చి, వెలువడిన ఆవిరిని చల్లార్చి లోహమును గ్రహింతురు.

ఉపయోగములు

వాయుపీడనమును నీటితో కొలువదలచినచో 10 మీటర్లకు మించిన గొట్టము కావలెను. పాదరసమునకు 76 సెంటీమీటర్ల స్తంభము చాలును. టారిసెల్లీ భారమితిలోని రహస్యమిదియే. ఇది గాజును తడుపదు, ఉష్ణమునకు సమముగా వ్యాకోచించును. అందువలన 1714లో ఫారన్‌హీట్ దీనిని ఉష్ణమాపకమున వాడెను. 1774లో ప్రీస్ట్‌లీ పాదరస భస్మమును వేడిచేసి ఆక్సిజనును పొందెను. 1911లో కామర్లింగ్ ఆన్స్ అతివాహకత్వమును మొట్టమొదట పాదరసముననే కనుగొనెను.

ప్రమాదములు

మ్రింగిన లోహమును జీర్ణకోశము అత్యల్పముగానే గ్రహించును. కాని పీల్చిన ఆవిరిలో సుమారు 80 శాతము దేహమున నిలిచిపోవును. ఆ ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. చేతుల వణకు, చిగుళ్ళవాపు, చిరాకు, మతిమరపు దాని ఫలితములు.

అంతకంటె దారుణమైనది మిథైల్ పాదరసము. జపానులోని మినమాట అఖాతమున ఒక కర్మాగారపు వ్యర్థజలముల ద్వారా ఇది చేపలలో చేరి, వానిని తిన్నవారి నాడీమండలమును దెబ్బతీసెను. ఆ వ్యాధి 1956లో బయటపడినను, వ్యర్థముల విడుదల 1968 వరకు ఆగలేదు.

1971–72లో ఇరాక్ దేశమున జరిగినది మరియొక గుణపాఠము. విత్తుటకై దిగుమతియైన గోధుమలకు శిలీంధ్రనాశినిగా మిథైల్ పాదరసము పట్టించి, గుర్తుగా ఎర్రరంగు వేసిరి. సంచులపై హెచ్చరికలు ఇంగ్లీషు, స్పానిష్ భాషలలో నుండెను. రైతులు వానిని చదువలేకపోయిరి. రంగు కడిగినచో విషము పోవునని తలచి, రొట్టెలు చేసికొని తినిరి. లక్షణములు కొన్ని వారములకుగాని కనబడలేదు. 6,500 మందికి పైగా ఆస్పత్రులలో చేరగా, వారిలో 459 మంది మరణించిరి. అర్థము కాని భాషలోని హెచ్చరిక లేని హెచ్చరికతో సమానము.

ప్రయోగశాలలో జాగ్రత్తలు

ఉష్ణమాపకము పగిలినచో ముందుగా కిటికీలు తెరువవలెను. ఉంగరములు తీసి, చేతొడుగులు ధరించి, బిందువులను దళసరి కాగితముతో ఒకచోట చేర్చి, డ్రాపరుతో గ్రహించి, మూతగల సీసాలో భద్రపరుపవలెను. పగుళ్ళలో మిగిలినదానిపై గంధకపు పొడి చల్లవలెను. చీపురుతో ఊడ్చినచో బిందువులు మరింత చిన్నవై ఆవిరి హెచ్చును. తొట్టిలో పారబోయరాదు.

పాదరస వినియోగమును తగ్గించుటకై 2013లో కుదిరిన మినమాట ఒడంబడిక 2017లో అమలులోనికి వచ్చెను. భారతదేశము 2018లో దానిని ధ్రువీకరించెను. ఆల్కహాలు, డిజిటల్ ఉష్ణమాపకములు నేడు సులభముగా లభించుచున్నవి. కళాశాల పాలకవర్గము వానిని క్రమముగా సమకూర్చి, పై జాగ్రత్తలను ఉర్దూ, తెలుగు భాషలు రెండింటను వ్రాయించి ప్రయోగశాల గోడపై నుంచినచో, ఇరాక్ నేర్పిన పాఠము మనకు సార్థకమగును.