ఫ్రైడ్ లివర్ దాడి మాన్పించాలా?

ప్రశ్న: మా పదేళ్ల బాబు పిల్లల చెస్ పోటీల్లో ఫ్రైడ్ లివర్ దాడితో చకచకా గెలుస్తున్నాడు. కోచ్‌గారేమో నెమ్మదైన ఓపెనింగులు ఆడమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మాన్పించకండి. అయితే ఆ దాడి ఎక్కడ ఆగిపోతుందో కూడా నేర్పించండి. నల్ల గుర్రం ఐదో ఎత్తులో డి5 బంటును కొడితేనే తెల్ల గుర్రం ఎఫ్7 మీద బలికి దిగగలదు. దాన్ని కొట్టిన నల్ల రాజుకు మంత్రి ఎఫ్3 నుంచి చెక్ చెబుతుంది. డి5 గుర్రాన్ని కాపాడాలంటే రాజు ఇ6కు, బోర్డు నడిమధ్యకు రావాల్సిందే. కానీ ఐదో ఎత్తులో నల్ల గుర్రం ఎ5కు వెళ్లి బిషప్ మీదికి వస్తే కథ మారిపోతుంది. నలుపుకు ఒక బంటు తక్కువైనా పావులు వేగంగా బయటికొస్తాయి, తెలుపు బిషప్, గుర్రం వెనక్కి తగ్గాలి. దాడికి అలవాటుపడిన పిల్లవాడు అక్కడ ఓపిగ్గా కాచుకోవాలి.

బట్టీ పట్టిన ఎత్తులతో గెలిస్తే ఆట ఎదగదన్న కోచ్‌గారి ఆందోళన న్యాయమైనదే. అయినా నెమ్మదైన ఓపెనింగునూ బట్టీ పట్టవచ్చు, పైగా అందులో తప్పు వెంటనే బయటపడదు. పదునైన ఆటలో ఒక్క ఎత్తు ఆలస్యమైతే రాజుకేమవుతుందో పిల్లవాడు కళ్లారా చూస్తాడు. ఈ వయసులో అంతకంటే మంచి పాఠం లేదని నా నమ్మకం. ఇంట్లో కొన్నాళ్లు ఇదే ఓపెనింగును నల్లపావులతో ఆడించండి, ప్రతి ఎత్తుకూ కారణం అడగండి.