పొట్టి బోర్డు మీద మోజు

చి॥ స్వాతికి,

శాంటా క్రూజ్‌లో సర్ఫింగ్ మొదలుపెట్టావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నువ్వు పంపిన ఆరడుగుల బోర్డు ఫొటో చూశాను. అందంగానే ఉంది. కొనకు.

శాన్ హోసేకి వచ్చిన కొత్తలో నేనూ అలాంటిదే కొన్నాను. ఆరు నెలలు ప్రతి ఆదివారం ఉప్పునీళ్ళు తాగడమే తప్ప ఒక్క అల మీద నిలబడ్డ పాపాన పోలేదు. ఇప్పుడు మీ పిన్ని దాన్ని పెరట్లో రెండు స్టూళ్ళ మీద పెట్టి వడియాలు ఎండబెడుతోంది.

సంగతేమిటంటే, అల నిన్ను దాటిపోయేలోపు చేతులతో ఈది దాని వేగాన్ని అందుకోవాలి. పొడవూ మందమూ ఉన్న బోర్డు బాగా తేలుతుంది, నాలుగు బారలు వేస్తే చాలు, జారిపోతుంది. పొట్టిది నీ బరువుకు సగం మునిగి, ఎంత ఈదినా అక్కడక్కడే ఉంటుంది. నిటారుగా లేచే అలలుంటేనే దాని పనితనం. నువ్వు నేర్చుకునే కవెల్స్ బీచ్‌లో అలలు మెత్తగా, నింపాదిగా వస్తాయి. పక్కనే స్టీమర్ లేన్‌లో ఆరితేరినవాళ్ళ విన్యాసాలు చూసి వాత పెట్టుకోకు. ఆ ఊళ్ళో 1885లో నది సముద్రంలో కలిసేచోట అలలెక్కిన ముగ్గురు హవాయి రాకుమారులు కూడా పొడుగాటి రెడ్‌వుడ్ చెక్కల మీదే ఎక్కారు.

చాలా బోర్డుల మీద వాటి ఘనపరిమాణం లీటర్లలో రాసి ఉంటుంది. నువ్వు 55 కిలోలు ఉంటావనుకుంటా (ఆడపిల్లని అడక్కూడదనుకో). కొత్తలో లీటర్లు నీ కిలోలకన్నా బాగా ఎక్కువే ఉండాలి. ఎనిమిదడుగుల ఫోమ్ బోర్డు తీసుకో. తలకు తగిలినా బొప్పితో పోతుంది. అడుగునున్న రెక్కలతో మాత్రం జాగ్రత్త.

కాలికి కట్టుకునే లీష్ బోర్డంత పొడవుండాలి. వెట్‌సూట్లకు పేరుపడ్డ జాక్ ఓనీల్‌కి 1971లో ఎడమ కన్ను పోయింది అలాంటి తాడు వల్లే. అప్పటి తాళ్ళు రబ్బరులా సాగి, బోర్డుని తిరిగి మనిషి మీదకే విసిరేవి.

అన్నట్టు, విశాఖ సముద్రమనుకుని దిగేవు. ఇక్కడ ఎండాకాలంలోనూ నీళ్ళు వణికిస్తాయి, మందపాటి వెట్‌సూట్ ఉండాల్సిందే.

మూడు నెలలు అద్దె బోర్డుతో కానిచ్చి, అప్పుడు కొందువుగాని. ఆదివారం పొద్దున్న ఆరింటికి మీ ఇంటి ముందుంటాను. శాంటా క్రూజ్ వెళ్ళే పదిహేడో నంబరు రోడ్డు నిండకముందే కొండ దాటాలి.

మీ బాబాయి