పెద్దమ్మ కాళ్ళు ఎందుకు వాచాయి?

పెద్దమ్మది మా వీధే. ఆమెకు బీపీ ఉంది. బీపీ అంటే రక్తపోటు. రోజూ ఒక మాత్ర వేసుకునేది. ఆ మాత్ర పేరు ఆమ్లోడిపిన్. బీపీకి చాలామంది వాడే మాత్ర ఇది.

మొదట 5 నంబరు మాత్ర వాడింది. బీపీ తగ్గలేదు. డాక్టరుగారు 10 నంబరు ఇచ్చారు. నెల తిరిగేసరికి పెద్దమ్మ కాళ్ళు వాచాయి. పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ. పట్టీలు బిగుసుకున్నాయి. వేలితో నొక్కితే గుంట పడేది.

"కిడ్నీలు పోయినట్టున్నాయి. ఆ మాత్ర మానెయ్ వదినా" అంది పక్కింటామె.

పెద్దమ్మ భయపడింది. ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేసింది. వాపు తగ్గింది. పీడ పోయిందనుకుంది.

ఇరవై రోజులు గడిచాయి. ఒకరోజు నాట్లు వేస్తూ కళ్ళు తిరిగి గట్టు మీద కూలబడింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బీపీ 180/110 ఉంది. 140/90 దాటితేనే ఎక్కువ అంటారు.

నర్సమ్మ కోప్పడలేదు. ఇలా చెప్పింది:

"అమ్మా, ఈ మాత్ర రక్తనాళాలను వదులు చేస్తుంది. అందుకే బీపీ తగ్గుతుంది. సన్న నాళాల నుంచి కొంచెం నీరు ఊరి పాదాల్లోకి దిగుతుంది. అదే ఈ వాపు. ఇది కిడ్నీ పోయి వచ్చింది కాదు. 5 కంటే 10 వేసుకుంటే ఎక్కువ వస్తుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు ఎక్కువ. కొందరికి మొహం వేడెక్కుతుంది. తలనొప్పి, గుండెదడ వస్తాయి. వస్తే మాకు చెప్పాలి. మీరే మానేస్తే బీపీ మళ్ళీ పెరుగుతుంది. పక్షవాతం రావచ్చు."

డాక్టరుగారు 10 తీసేసి 5 ఇచ్చారు. వేరే రకం మాత్ర ఒకటి జత చేశారు. బీపీ దిగింది. కాళ్ళు మళ్ళీ అంతగా వాచలేదు.

మాత్రల అట్ట మీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది. కాని అంకె మనం చదవగలం కదా! ఇప్పుడు పెద్దమ్మ అట్ట చేతికి రాగానే ముందు అంకె చూస్తుంది. "5 ఉంది, సరే" అంటుంది.

గుర్తుంచుకోండి

1. కాళ్ళు వాస్తే డాక్టరుకు చూపించండి. మాత్ర మీరే మానవద్దు.
2. ఆయాసం వచ్చినా, మొహం ఉబ్బినా, ఒక్క కాలే వాచి నొప్పి పెట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.
3. కడుపుతో ఉంటే ఆ మాట ముందే చెప్పండి.
4. ఊరగాయ, అప్పడం, ఎండుచేప తగ్గించండి. వాటిలో ఉప్పు ఎక్కువ.

జవాబు చెప్పండి

1. పెద్దమ్మ మాత్ర ఎందుకు మానేసింది?
2. మానేస్తే ఏమైంది?
3. మీ ఇంట్లో బీపీ మాత్ర ఉందా? అట్ట మీద అంకె చదివి, ఇక్కడ రాయండి: ______