తప్పు ఎలా వచ్చిందో అడిగావా?

తెనాలి

చిన్నా,

నీ ఉత్తరం మొన్న అందింది. అక్కడ పొగమంచులో పరీ చౌక్ కూడలి దాటడమే గగనంగా ఉందనీ, అందుకే ఈ నెల బడికి వెళ్ళడం మానేసి గదిలోనే పని చేసుకుంటున్నాననీ రాశావు. దగ్గు తగ్గిందా? మీ నాన్నకీ చలికాలం ఇదే దగ్గు. మెడకి మఫ్లర్ చుట్టుకో నాయనా.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం నీ ఉత్తరంలో చివరి మాట. పిల్లాడు లెక్క తప్పు చేస్తే మీరు బడి కోసం తయారుచేస్తున్న ఏఐ రెండు సెకన్లలో సరైన పద్ధతి చూపిస్తుందనీ, టీచర్‌కి దిద్దే పని ఉండదనీ సంబరంగా రాశావు. ఆ రెండు సెకన్లలో పిల్లాణ్ణి నోరు తెరవనిచ్చిందా?

నేను ఉద్యోగంలో చేరిన ఏడు నాకు మూడో తరగతి ఇచ్చారు. కాలవగట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళేదాన్ని.  ఆ క్లాసులో 52లోంచి 17 తీసేయమంటే ఒక పిల్లాడు 45 అని రాశాడు. ఇంటూ కొట్టాను. మర్నాడూ అలాంటి తప్పే, మళ్ళీ ఇంటూ. మూడోనాడు పక్కన కూర్చోబెట్టుకుని ఎలా చేశావురా అని అడిగాను. "చిన్నదాంట్లోంచి పెద్దది పోదన్నారుగా టీచర్, అందుకే ఏడులోంచి రెండు తీశా" అన్నాడు. ఆ మాట అన్నది నేనే. అప్పు తెచ్చుకోవడం వాడికి అర్థమయ్యేలా చెప్పలేదు. అగ్గిపుల్లలు పదేసి కట్టలు కట్టి, ఒక కట్ట విప్పి చూపించాక గాని వాడి మొహం విచ్చుకోలేదు. ఆ తప్పు నా పాఠంలో పుట్టింది చిన్నా. మీ యంత్రం దాన్ని రెండు సెకన్లలో తుడిచేస్తే, అది తన పాఠంలో పుట్టిందని ఆ టీచర్‌కి ఎప్పటికి తెలుస్తుంది?

నిరుడు నువ్వు పంపిన ఢిల్లీ అధ్యయనం ప్రింటు తీయించుకుని చదివాను. కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు కంప్యూటర్‌తో నేర్పే మైండ్‌స్పార్క్ మీద చేసి, 2019లో అచ్చువేసిన పరిశోధన. నాలుగున్నర నెలల్లో పిల్లలు లెక్కల్లోనూ హిందీలోనూ బాగా ముందుకొచ్చారు. నువ్వు ఆ ఫలితం కింద గీత గీశావు. నేను గీసింది ఇంకోచోట. రోజూ 90 నిమిషాల్లో సగమే కంప్యూటర్, మిగతా 45 నిమిషాలు పన్నెండు పదిహేనుమంది పిల్లలతో ఒక మనిషి కూర్చున్నారు. టర్కీ హైస్కూళ్ళలో చేసిన పరిశోధన సంగతీ నువ్వు చెప్పిందే. అడగ్గానే జవాబిచ్చే ఏఐతో సాధన చేసినప్పుడు 48 శాతం మెరుగు. అది తీసేసి పరీక్ష పెడితే, అసలు దాన్ని ముట్టుకోని వాళ్ళకంటే 17 శాతం తక్కువ. జవాబు చెప్పకుండా, టీచర్లు రాసిచ్చిన సూచనలతో నడిపించిన దాంట్లో ఆ నష్టం దాదాపు లేదు. ఇన్ని తెలిసినవాడివి, నీ దాంట్లో ఎందుకు తొందరపడ్డావు?

అక్కడ లేస్తున్న అపార్ట్‌మెంట్ల దగ్గర కూలి పనికొచ్చినవాళ్ళ పిల్లలూ నీ బడిలో ఉన్నారన్నావు. ఇంట్లో మైథిలి, బడిలో హిందీ. వాళ్ళకి రానిది లెక్కా, లెక్కని అడిగిన భాషా? తెరమీద ఎర్ర గుర్తుకి ఆ తేడా తెలియదు. పక్కన కూర్చున్నవాడికి తెలుస్తుంది.

గట్టిగా రాశానని బాధపడకు. పదో తరగతి పరీక్షల ముందు మన అరుగు మీద కూర్చుని, ప్రతి లెక్కకీ ఎందుకు, ఎందుకు అని నన్ను విసిగించినవాడివి నువ్వు. అలా అడిగే సాధనం నువ్వే చెయ్యగలవు. జవాబు చూపించేముందు "ఎలా చేశావు?" అని పిల్లాణ్ణి అడగనీ. వాడు చెప్పింది చెప్పినట్టు టీచర్ చేతికి వెళ్ళనీ. మార్కుల పట్టిక వద్దు, ఆమె మీద అధికారికి నివేదికా వద్దు. ఈ వారం ఎంతమంది ఒకే చోట తడబడ్డారో ఆమెకి తెలిస్తే చాలు, మిగతాది ఆమె చూసుకుంటుంది.

సున్నుండలు కొరియర్‌లో పంపాను, నీ గదిలోవాళ్ళకీ పెట్టు. మంచు తగ్గిన రోజు బడికి వెళ్ళు. లాప్‌టాప్ సంచిలోనే ఉంచి, లెక్క తప్పిన ఒక పిల్లాడి పక్కన కూర్చో. వాడు ఏం చెప్పాడో వాడి మాటల్లోనే నాకు రాయి.

మీ అత్తయ్య