గొంతులోకి జారే చీమిడి – పాలమీద పడే నింద

మామిడి పూత రోజుల్లో ముసునూరు ప్రాంతంలో తెల్లవారుజామున ఏ పాలకేంద్రం దగ్గర నిలబడినా, క్యాను దించి గొంతు సవరించుకునే సభ్యులు కనిపిస్తారు. గొంతులో ఏదో అడ్డుపడినట్లుంటుంది, కాకరించినా రాదు. పడుకుంటే దగ్గు. ఇది పిల్లలకు వస్తే చాలా ఇళ్ళలో మొదట చేసే పని పాలు మాన్పించడం. ఇంట పాడి ఉండి పిల్లకు పాలు లేకపోవడం బాధగా తోచి ఈ పాఠం రాస్తున్నాము.

ముక్కు, దాని చుట్టూ ఎముకల్లోని గాలిగదులు రోజుకు సుమారు లీటరు జిగురునీరు తయారుచేస్తాయి. అది దుమ్మును పట్టి గొంతు వెనుకగా జారుతుంది. మనకు తెలియకుండానే మింగేస్తాము. రొంప పట్టినా, దుమ్ము పడకపోయినా, గాలిగదులు వాచినా అది ఎక్కువవుతుంది, లేదా చిక్కబడుతుంది. అప్పుడే బాధ తెలుస్తుంది. కడుపులోని పులుపు పైకి ఎగదన్నినా ఇటువంటి బాధే.

పూతే కారణమంటారు. కొందరికి నిజం కావచ్చు. కాని మామిడి పుప్పొడిని ఎక్కువగా ఈగలు, పురుగులు మోస్తాయి గనుక పూతనొక్కదాన్నే నిందించలేము. చలిగాలి, తోటల్లో కొట్టే మందు, పిడకల పొగ ఉన్నాయి. మన వృత్తిలో మరీ ముఖ్యం వరిగడ్డి దుమ్ము, తవుడు. గడ్డి దులిపేటప్పుడు ముక్కుకు తడిగుడ్డ కట్టుకోండి.

ఇక పాల సంగతి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 60 మందికి కావాలని జలుబు అంటించి, కారిన చీమిడిని తూచి చూశారు. ఫలితాలు 1990లో వెలువడ్డాయి. ఎక్కువ పాలు తాగినవారికి చీమిడి ఎక్కువ కాలేదు. పాలవల్ల కఫం వస్తుందని నమ్మినవారు మాత్రం బాధ ఎక్కువని చెప్పారు! పాలు ఉమ్మితో కలిసి కొద్దిసేపు గొంతు జిగటగా అనిపించే మాట నిజమే, అది కఫం కాదు. పాలు పడనివారి సంగతి వేరు.

ఉపశమనానికి ఉప్పునీటితో ముక్కు కడగడం మంచిది. మరిగించి చల్లార్చిన పావులీటరు నీటిలో అర టీస్పూను అయోడిన్ కలపని ఉప్పు, చిటికెడు తినేసోడా కలపండి. తల పక్కకు వంచి, నోటితో గాలి పీలుస్తూ, కొమ్ముచెంబుతో పై ముక్కురంధ్రంలో పోస్తే రెండోదానినుంచి వస్తుంది. పచ్చి బావినీరు, బోరునీరు వాడరాదు. రాత్రి తల ఎత్తుగా పెట్టుకోండి. దిబ్బడ విడిపించే ముక్కుచుక్కలు మూడు రోజులు దాటితే దిబ్బడను తిరిగి పెంచుతాయి. చిన్నపిల్లలకు డాక్టరు చెప్పనిదే వేయకండి.

దగ్గు రెండు వారాలు దాటినా, రక్తం పడినా, పిల్లికూతలు వచ్చినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించి కళ్ళె పరీక్ష చేయించుకోండి. క్షయ పరీక్ష అక్కడ ఉచితం. పిల్లలకు ఒక్క ముక్కునుంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే, చింతపిక్కో శనగగింజో దూర్చుకున్నారేమో. ఇంట్లో పుల్లపెట్టి తీయబోకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.