ఆల్చిప్ప రొట్టె కథ

పిల్లలారా! మనం నివసించే ఈ అమెరికా దేశంలో, ముఖ్యంగా టెక్సాస్, కాలిఫోర్నియా రాష్ట్రాలలో, మెక్సికో వారి రొట్టెల అంగళ్ళు అనేక ఊళ్ళలో కనిపిస్తాయి. స్పానిష్ భాషలో వాటిని 'పనదెరియా' అంటారు. చాలా అంగళ్ళలో లోపలికి వెళ్ళగానే ఒక పళ్ళెం, ఒక పట్టకారు చేతికి తీసుకోవాలి. అరలలో పేర్చిన రొట్టెలలో నచ్చినవాటిని మనమే ఏరి పళ్ళెంలో పెట్టుకోవాలి. ఈ తీపి రొట్టెలన్నిటికీ కలిపి 'పాన్ దుల్సే' అని పేరు. 'పాన్' అంటే రొట్టె. 'దుల్సే' అంటే తియ్యనిది. ఇవి మెక్సికోకు ఎలా చేరాయో, అక్కడి ప్రజలు వీటిని ఎలా తమవిగా చేసుకున్నారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మొక్కజొన్న నేలకు గోధుమ రాక

సుమారు ఐదువందల సంవత్సరాల క్రితం వరకు మెక్సికోలో గోధుమ లేదు. అక్కడి ప్రజలకు మొక్కజొన్నే జీవనాధారం. దానిని సున్నం కలిపిన నీటిలో ఉడికించి, రుబ్బి, 'తోర్తీయా' అనే పలుచని రొట్టెలు కాల్చుకునేవారు. రుబ్బిన ముద్దను కంకి మీది ఆకుపొరలలో చుట్టి, ఆవిరిపై ఉడికించి 'తమాలెస్' చేసేవారు.

1521లో స్పెయిన్ సైనికులు అజ్టెక్ ప్రజల రాజధాని తెనోచ్‌తిత్లాన్‌ను జయించారు. వారికి గోధుమ రొట్టె ముఖ్యాహారం. వారి చర్చి ఆరాధనలో పంచే అప్పం కూడా గోధుమపిండితోనే చేయాలి. అందుచేత ఆ నేలలో గోధుమ సాగు మొదలైంది. ఆఫ్రికాలో పుట్టి స్పెయిన్ సైన్యంతో వచ్చిన హువాన్ గర్రీదో, అక్కడ మొట్టమొదట గోధుమ విత్తినవాడిని తానేనని 1538లో రాజుకు సమర్పించిన విన్నపంలో చెప్పుకున్నాడు.

గెలిచినవారు గోధుమను గొప్పగా, మొక్కజొన్నను చిన్నచూపుతో చూశారు. అయినా ప్రజలు తమ పంటను విడువలేదు. గోధుమ వచ్చింది, మొక్కజొన్న పోలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

పేరులోనే రూపం

19వ శతాబ్దంలో ఫ్రాన్స్ దేశపు రొట్టెల విధానాలు కూడా మెక్సికోలో వ్యాపించాయి. వెన్న వేసి పొరలు పొరలుగా మడిచే పద్ధతి అలా వచ్చినదే. అయితే రొట్టెలు చేసేవారు వాటికి తమ కంటికి కనిపించిన వస్తువుల పేర్లే పెట్టారు. చెవిలా ముడుచుకున్నది 'ఒరేహా', అంటే చెవి. కొమ్ములా వంగినది 'క్వెర్నో', అంటే కొమ్ము. నోట వేసుకోగానే పొడిపొడి అయ్యేది 'పొల్వొరోన్'. 'పొల్వో' అంటే ధూళి. పందిపిల్ల ఆకారంలో ఉండేది 'మర్రనీతో'. దీనికి తీపినిచ్చేది 'పిలోన్‌సీయో'. అది మరేమిటో కాదు, అచ్చులో పోసిన చెరకు బెల్లమే!

వీటన్నిటిలో ప్రసిద్ధమైనది 'కొంచా'. కొంచా అంటే ఆల్చిప్ప. గోధుమపిండిలో గుడ్లు, పాలు, వెన్న, చక్కెర, ఈస్ట్ కలిపి మెత్తగా పిసికి, పొంగనిచ్చి, గుండ్రని ఉండలు చేస్తారు. పిండి, చక్కెర, వెన్న కలిపిన మరొక ముద్దను పలుచగా ఒత్తి ఆ ఉండలపై పరుస్తారు. దానిపై ఆల్చిప్ప గీతల వంటి గీతలు గీస్తారు. ఓవెన్‌లో రొట్టె ఉబ్బినప్పుడు పైపూత ఆ గీతల వెంబడి విడిపోతుంది. లోపల మెత్తదనం, పైన కరకర! పైపూతకు వాడే వనిల్లా, చాక్లెట్ రెండూ ఆ ప్రాంతపు పంటల నుండి వచ్చినవే.

మరొక రొట్టె పేరు 'ఎలోతె'. ఇది అజ్టెక్ ప్రజల నవాట్ల్ భాష నుండి వచ్చిన మాట. లేత మొక్కజొన్న పొత్తు అని అర్థం. చేసినది గోధుమపిండితో, రూపం, పేరు మాత్రం మొక్కజొన్నవి!

పండుగ రొట్టెలు

నవంబరు 1, 2 తేదీలలో మరణించిన ఆప్తులు తమను చూడవస్తారని మెక్సికో ప్రజల విశ్వాసం. వారికోసం ఇంట్లో ఒక పీఠం అలంకరించి, దీపాలు, బంతిపూలు, వారికి ఇష్టమైన పదార్థాలు ఉంచుతారు. వాటితోపాటు 'పాన్ దె ముయెర్తో' అనే గుండ్రని రొట్టెను పెడతారు. దానిపై పిండితోనే ఎముకల ఆకారాలు అమరుస్తారు. చూడడానికి భయం గొలిపే రూపమే అయినా, దాని వెనుక ఉన్నది ప్రేమ. ఈ ఆచారాన్ని 2008లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

జనవరి 6న 'రోస్కా దె రెయెస్' అనే వలయాకారపు రొట్టెను బంధుమిత్రులు కలిసి కోసుకుంటారు. దానిలో బాలయేసు చిన్న బొమ్మను దాచి ఉంచుతారు. ఎవరి ముక్కలో బొమ్మ వస్తే, వారు ఫిబ్రవరి 2న అందరికీ తమాలెస్ పెట్టాలి. చూశారా! జనవరిలో గోధుమ రొట్టెతో మొదలైన వేడుక ఫిబ్రవరిలో మొక్కజొన్న వంటకంతో ముగుస్తుంది.

మన వంటింటిలో

వస్తువులు ఆ దేశం నుండి మన దేశానికీ వచ్చాయి. మన ఆవకాయకు కారాన్నిచ్చే మిరప, పప్పులో వేసే టమాటా, గుమ్మాలకు కట్టే బంతిపూలు పుట్టింది ఆ ప్రాంతాలలోనే. 'టమాటా', 'సపోటా' అనే మాటల మూలం కూడా నవాట్ల్ భాషే. మిరప లేని తెలుగు వంటను నేడు ఊహించగలమా? ఎక్కడినుండి వచ్చినదైనా, తరతరాలు చేతులతో చేసి, పేరు పెట్టి, నలుగురికీ పంచినప్పుడు అది మనదవుతుంది.

పదాలు – అర్థాలు

జీవనాధారం: బ్రతకడానికి ఆధారమైనది
విన్నపం: మనవి
చిన్నచూపు: తక్కువగా చూడడం
ఆప్తులు: మనకు దగ్గరివారు
వలయాకారం: గుండ్రని చుట్టు ఆకారం

ప్రశ్నలు

1. స్పెయిన్ వారికి గోధుమ ఎందుకు అవసరమైంది?
2. కొంచా పైపూత గీతల వెంబడి ఎందుకు విడిపోతుంది?
3. 'గోధుమ వచ్చింది; మొక్కజొన్న పోలేదు' అనడానికి పాఠం నుండి రెండు ఉదాహరణలు వ్రాయండి.
4. మీ ఇంట్లో చేసే ఒక పిండివంట పేరు, దాని ఆకారం, దానిని నేర్పినవారు ఎవరో పెద్దలను అడిగి ఐదు వాక్యాలలో వ్రాయండి.