అరచేతికి చుట్టిన తాడు

అచ్యుతాపురం

చిన్నా,

మొన్న మా అప్ప, అదే మీ అమ్మ, వచ్చినప్పుడు ఫోన్లో నీ ఫొటో చూపించింది. నిద్రగన్నేరు పైన నీ స్నేహితుడు కొమ్మ కోస్తున్నాడు, కింద నువ్వు తాడు పట్టుకుని నవ్వుతున్నావు. అప్ప నీ నవ్వు చూసి మురిసిపోయింది. నేను నీ ఎడమచెయ్యి చూశాను. తాడు అరచేతికి రెండు చుట్లు చుట్టి ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

తాడు చేతికి చుట్టుకోకు. మణికట్టుకి చుట్టుకోకు, నడుముకి కట్టుకోకు. పట్టు జారిపోతుందన్న భయంతోనే చుట్టుకుంటావని తెలుసు. కానీ జారాల్సిన సమయంలో తాడు జారాలి బాబూ. అడుగు లావు, పదడుగుల పొడవు ఉన్న పచ్చి కొమ్మ రెండొందల కిలోల దాకా తూగుతుంది. నువ్వు అరవై కిలోలు ఉంటావేమో. అది కిందకి బయల్దేరితే నిన్ను పైకి లాక్కుపోతుంది. చేతికి చుట్టుకున్న తాడుని ఆ క్షణంలో విప్పడం ఎవడి తరమూ కాదు.

నువ్వు పసివాడిగా ఉన్నప్పుడు పండక్కి నీకు జీళ్ళు తెచ్చే పెద్దాయన గుర్తున్నాడా? ఎప్పుడూ ఎడమచేత్తోనే ఎందుకిస్తాడని అడిగేవాడివి. ఊరుకోమని అప్ప నిన్ను కసిరేది. అందుకు కారణం ఇప్పుడు చెప్తున్నాను. నేను ఖలాసీ పనిలో చేరిన మొదటి ఏడు, ఓ ఓడ దగ్గర ఇద్దరం పక్కపక్కనే నిలబడి ఉన్నాం. ఆయన కుడిచేతికి తాడు ఒక్క చుట్టు, ఒక్కటే చుట్టు ఉంది. ఓడ కాస్త కదిలింది. మూడు వేళ్ళు పోయాయి. కేక కూడా వెయ్యలేదు, చేతివంక అలా చూస్తూ ఉండిపోయాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక మన ఇంట్లోనే నాలుగు రోజులున్నాడు. మీ అమ్మమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టేది. ఆవిడ ఏడుపు ఆపుకుంటూ ముద్దలు పెట్టడం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

అంతపెద్ద ఓడని రేవులో నిలబెట్టేది ఇనప గుంజకి వేసిన చుట్లే. ఈ సంగతి 18వ శతాబ్దంలోనే ఆయిలర్ అనే గణిత పండితుడు లెక్క కట్టాడు. చుట్టు చుట్టుకీ బలం హెచ్చవేతగా పెరుగుతుంది. ఒక్క చుట్టుకి సుమారు నాలుగైదు రెట్లు, మూడు చుట్లకి దాదాపు వంద రెట్లు. మాను గరుకుని బట్టి, తాడు నునుపుని బట్టి అటూ ఇటూ అవుతుంది. అంటే చెట్టు మొదలుకి మూడు చుట్లు వేస్తే ఆ రెండొందల కిలోల కొమ్మని కింద మనిషి రెండు మూడు కిలోల పట్టుతో ఆపొచ్చు. అంత బలం ఊరికే ఇస్తానని చెట్టు నిలబడి ఉంటే, నువ్వు నీ వేళ్ళు అప్పజెప్పడం ఎందుకురా?

చుట్లు పక్కపక్కన పడాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఎక్కితే తాడు బిగుసుకుపోయి కొమ్మ గాల్లోనే ఆగిపోతుంది. మిగిలిన తాడు నీ వెనక పక్కగా ఉండాలి, నీ పాదాలు ఆ చుట్టలో ఉండకూడదు. మేం బరువు దించడానికి "ఆరియా" అనేవాళ్ళం, ఎత్తడానికి "హబీసు". ఆరియా పోర్చుగీసు మాటట, ఓడల మీద పడి మన రేవులకి వచ్చిందట. మా మేస్త్రీ ఆ మాటని పాటలా సాగదీసేవాడు. ఆయన గొంతు ఎంత నెమ్మదిగా సాగితే బరువు అంత నెమ్మదిగా దిగాలి. నువ్వూ నీ స్నేహితుడూ ఏదో ఒక మాట అనుకోండి. పైనున్నవాడు అనందే కిందవాడు తాడు వదలకూడదు.

తాడు నడిచే కప్పీని కోసే చోటుకి పైనే కట్టాలి. కింద కడితే కొమ్మ ముందు పడి, తర్వాత తాడుకి చిక్కుతుంది. ఆ కుదుపుకి బరువు ఎన్ని రెట్లవుతుందో చెప్పలేం. పైన కట్టినా కప్పీ ఉన్న కొమ్మ మీద దాదాపు రెట్టింపు బరువు పడుతుంది. అటు కొమ్మ లాగుతుంది, ఇటు మొదలుకి చుట్టిన తాడు లాగుతుంది. అది మోయగలదో లేదో ముందు చూసుకో.

ఇక కోత. తలుపుకి మడతబందు ఎలాగో, కొమ్మకి కోతలో వదిలే పట్టీ అలాగ. కొమ్మ ఎటు తిరగాలో అటు ముందుగా నోరు తెరిచినట్టు గాటు పెట్టాలి. తర్వాత వెనక నుంచి కోసుకొస్తూ, లావులో పదో వంతు పట్టీ మిగిలినప్పుడు ఆగాలి. ఆ పట్టీయే కొమ్మని పట్టుకుని మెల్లగా వంచుతుంది. గాటు పెదాలు రెండూ కలిసినప్పుడు పట్టీ తెగుతుంది. అందుకే నోరు వెడల్పుగా తెరవమంటాను, కొమ్మ ఎక్కువ దూరం పట్టుతో వస్తుంది. ఆ నోటి మూలలో రెండు కోతలు ఒకదాన్నొకటి దాటితే సన్న చీలిక మిగులుతుంది. అది ముందే మూసుకుపోయి, పట్టీ తటాలున తెగుతుంది, లేదా మాను నిలువునా చీలుతుంది. గొలుసు రంపం మొద్దుబారి ఉంటే ఈ పని చెయ్యొద్దు.

అన్ని చెట్లకీ ఒకే పట్టీ పనికిరాదు. చింత బరికె ఎంత వంచినా విరగదు. మునగ ముట్టుకుంటే పుటుక్కుమంటుంది. ఎండు కొమ్మని అసలే నమ్మకు. మునగ అంటే గుర్తొచ్చింది, నీ ఫొటో కింద "హీరో" అని రాసినవాళ్ళంతా నిన్ను మునగచెట్టే ఎక్కిస్తున్నారు. వాళ్ళెవరూ నీ చెయ్యి చూడలేదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన మర్నాడు రోడ్లన్నీ చెట్లే. పడ్డ చెట్టు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది గానీ, వంగి నలిగిన కొమ్మలో విల్లంత బిగువుంటుంది. నేను ఓ సరుగుడు మాను కోస్తుంటే అది ఎగిరి భుజం మీద కొట్టింది, నెల్లాళ్ళు చెయ్యి లేవలేదు. అంత నొప్పిలోనూ, అవతల ఓ కుర్రాడు తాడు చేతికి చుట్టుకుంటుంటే పరిగెత్తి విప్పించాను. వాడికి నీ వయసే ఉంటుంది.

కరెంటు తీగ పక్కన ఉంటే లైన్‌మ్యాన్ లైన్ క్లియర్ ఇచ్చేదాకా చెట్టు ఎక్కొద్దు. పచ్చి కొమ్మలోంచీ తడి తాడులోంచీ కరెంటు పాకుతుంది. మొత్తం చెట్టే కొట్టాలంటే వాల్టా చట్టం కింద అనుమతి కావాలి, ఆ కాగితం లేకుండా ఒప్పుకోకు.

ఫొటోలో ఉన్న ఆ నీలం ప్లాస్టిక్ తాడు పక్కన పడెయ్. మాను మీద ఒరిపిడికి వేడెక్కి కరుగుతుంది, ఎండకి పెళుసెక్కుతుంది. పూడిమడక పడవలవాళ్ళని అడిగి మంచి నైలాన్ తాడు కొన్నాను. ఆదివారం మొదటి బస్సుకి తెస్తాను. అంతదాకా ఏ కొమ్మా ముట్టుకోకు. చుట్లు నువ్వే వేద్దువుగాని, నేను పక్కన నిలబడతాను.

అప్పకి ఇదంతా చెప్పకు, ఆ ఫొటో చూసి సంతోషంగా ఉంది. నువ్వు మాత్రం ఈ ఉత్తరం అందగానే ఎడమ అరచెయ్యి ఫొటో తీసి నాకు పంపు. తాడు ఒరుసుకున్న గీత ఉందేమో చూడాలి.

మీ మావయ్య